పాత చెక్క పడవ బాగుచేయడం: ఏ పని ముందు, ఏ పని తర్వాత

పాత చెక్క పడవ కొన్నవాళ్లు మొదటి ఆదివారమే రంగు గీకడం మొదలుపెడతారు. రెండో నెలకు లోపలి చెక్కలన్నీ ఊడదీసి షెడ్డు గోడకు ఆనిస్తారు. అప్పటికి పడవ ఆకారం ఎక్కడో ఒకచోట అరంగుళం జారిపోయి ఉంటుంది. ఆ సంగతి కొత్త పలక కూర్చోనని మొండికేసినప్పుడు గానీ బయటపడదు. ఎక్కడికక్కడ విప్పేసిన పడవలు సగం పనితో అమ్మకానికి కనిపిస్తూనే ఉంటాయి. పుచ్చు పట్టిన చెక్కను మార్చడం కష్టమే గానీ చెయ్యగలిగే పని. పోయిన ఆకారాన్ని తిరిగి తేవడం చెయ్యి తిరిగిన వడ్రంగికే పరీక్ష. అందుకే ఇక్కడ పనిముట్ల కంటే పని వరస గురించే ఎక్కువ చెబుతున్నాం.

ఉదాహరణకు నార్డిక్ ఫోక్‌బోట్ అనే తెరచాప పడవను తీసుకుందాం. 1940ల మొదట్లో స్కాండినేవియాలో సామాన్యులకు అందుబాటులో ఉండే పడవ కోసం డిజైన్ పోటీ పెట్టారు. ఏ ఒక్క డిజైనూ పూర్తిగా నచ్చలేదు. మంచివాటిలోని అంశాలను కలిపి టోర్డ్ సుండెన్ చేత తుది నమూనా గీయించారు. మొదటి పడవ 1942లో నీళ్లలోకి దిగింది. పొడవు సుమారు 7.7 మీటర్లు, వెడల్పు 2.2, నీళ్లలో లోతు 1.2 మీటర్లు. బరువు దాదాపు 2 టన్నులు, అందులో సగం ఇనుప కీల్‌దే, అంటే అడుగున వెన్నెముకలా ఉండే చెక్క కీల్‌కు కింద బిగించిన ఇనుప దిమ్మది. పలకలు పెంకుటింటి కప్పులా ఒకదాని అంచు మీదికి ఒకటి వస్తాయి, రాగి రివెట్లు వాటిని పట్టి ఉంచుతాయి. ఈ తరహాను క్లింకర్ అంటారు. స్వీడన్, డెన్మార్క్, జర్మనీ, ఇంగ్లండ్‌లలో ఈ పడవలు ఇప్పటికీ దొరుకుతాయి. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో వీటి పందేలు దశాబ్దాలుగా జరుగుతున్నాయి కాబట్టి, బే ఏరియాలో ఉన్న మనవాళ్లకు కూడా ఇది కంటపడే పడవే. ఒకరిద్దరు మనుషులు రెండు మూడు చలికాలాల్లో పూర్తి చెయ్యగల సైజు. మొదటి పడవగా ఇంతకంటే పెద్దదాని జోలికి పోవద్దు.

కొనే ముందు

వెంట తీసుకెళ్లాల్సినవి: సన్నని ఆర, చిన్న సుత్తి, టార్చి, పిడి ఉన్న చిన్న అద్దం, అయస్కాంతం, పొడవాటి దారం. తేమ కొలిచే మీటర్‌ను మాత్రం అంతగా నమ్మొద్దు. ఉప్పునీళ్లు తాగిన చెక్క మీద అది ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది.

సుత్తి పిడితో చెక్క మీద చిన్నగా కొట్టుకుంటూ వెళ్లండి. గట్టి చెక్క టంగుమంటుంది, పుచ్చిన చెక్క మొద్దుగా పలుకుతుంది. శబ్దం మారిన చోట ఆరతో గుచ్చండి. మంచి చెక్కలో మొన రెండు మూడు మిల్లీమీటర్ల దగ్గర ఆగుతుంది, బయటికి లాగేటప్పుడు పట్టుకుంటుంది. పుచ్చిన దాంట్లోకి వెన్నలో దిగినట్టు దిగిపోతుంది.

పుచ్చు ఎక్కువగా పైనుంచి వస్తుంది, కిందినుంచి కాదు. పుచ్చు తెచ్చే బూజుకు ఉప్పునీళ్లు పడవు, వాన నీళ్లు కావాలి. చెక్కలో తేమ 20 శాతం దాటి, గాలి ఆడకపోతే అది పని మొదలుపెడుతుంది. అందుకని నీటి గీత కింద కంటే డెక్ అంచు దగ్గర, కేబిన్ మూలల్లో, తెరచాప స్తంభపు తాళ్లను పట్టే లోహపు పట్టీల వెనక, వెనక చెక్క అంటే ట్రాన్సమ్ పై మూలల్లో, పడవ ముక్కు దగ్గర నిలువుగా ఉండే దుంగ అంటే స్టెమ్ కొనలో ముందు వెతకండి. డెక్ దూలాల చివర్లు పడవ పక్కకు కలిసే చోటును లోపలి నుంచి అద్దం పెట్టి చూడాల్సిందే.

ఇనుము ఓక్ చెక్కకు తగిలిన చోట చుట్టూ నీలి నలుపు మచ్చ పడుతుంది. ఓక్‌లోని టానిన్ ఇనుముతో కలిసినందువల్ల వచ్చే మచ్చ అది. మచ్చ కనిపించినంత మాత్రాన భయపడక్కర్లేదు, కానీ అక్కడ చెక్క మెత్తగా ఉంటే మేకు సగం తిన్నట్టే. రివెట్లకు అయస్కాంతం అంటుకుంటే ఎవరో మధ్యలో రాగి బదులు ఇనుము వాడారని అర్థం. ఇత్తడి స్క్రూలు దొరికితే ఒకటి విప్పి తల గీకి చూడండి. పసుపు బదులు గులాబీ రంగు కనిపిస్తే అందులోని జింక్ కరిగిపోయిందని లెక్క. అలాంటి స్క్రూ మెడ వేలితో వంచితే విరుగుతుంది.

పడవ వెనక్కి నిలబడి పక్క పలకల గీతల వెంట చూపు సారించండి. ఆ గీతలు ఎక్కడా గుంట, గూని లేకుండా సాఫీగా పోవాలి. కీల్ పక్కన దారం లాగి కట్టండి. మధ్య భాగం పైకి లేచి రెండు కొనలూ కిందికి వాలి ఉంటే దాన్ని హాగింగ్ అంటారు. కొద్దిగా ఉంటే సరిదిద్దుకోవచ్చు. స్టెమ్, కీల్ రెండూ పుచ్చి, పలకలను లోపలి నుంచి పట్టే పక్కటెముకల్లాంటి రిబ్బుల్లో సగం విరిగి, పైగా ఆకారమూ పోయి ఉంటే ఎంత తక్కువ ధరకు వచ్చినా ఆ పడవను వదిలేయండి. ఈ మూడింటిలో ఏ ఒకటైనా మొదటి పడవకు చాలినంత పని.

నిలబెట్టడం

బరువంతా కీల్ కింద ఉన్న దిమ్మెల మీదే పడాలి. మీటరుకో దిమ్మె పెట్టండి. పక్కల నిలిపే ఆసరాలు పడవ ఒరిగిపోకుండా చూడటానికే తప్ప బరువు మోయడానికి కాదు. ఆసరా పలక మధ్యలో ఆనితే పలక లోపలికి నొక్కుకుపోతుంది. లోపల గట్టి రిబ్బు ఉన్న చోట, ఓ అడుగు పొడవున్న చెక్క మెత్త పెట్టి ఆనించండి. పక్కకు మూడు నాలుగు ఆసరాలు ఉండాలి.

తర్వాత కొలతలు. మేస్త్రీలు వాడే ట్యూబ్ లెవెల్ దీనికి చక్కగా సరిపోతుంది. రెండు వైపులా డెక్ అంచు మీద ముందు, మధ్య, వెనక గుర్తులు పెట్టి వాటి ఎత్తులు రాసుకోండి. స్టెమ్ పై నుంచి ట్రాన్సమ్ రెండు మూలలకూ ఐమూలగా కొలవండి. రెండు కొలతలూ సమానంగా ఉండాలి. స్టెమ్ నుంచి ట్రాన్సమ్ మధ్యకు సన్నని తీగ కట్టి అక్కడే ఉంచేయండి. పని జరిగినన్నాళ్లు నెలకోసారి ఈ కొలతలన్నీ మళ్లీ తీసి చూడాలి.

హాగింగ్ ఉంటే కొనల కింద దిమ్మెలను వారానికి రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున పైకి తేవాలి. ఒక్కరోజులో జాకీ పెట్టి ఎత్తితే వంపు దిగదు, రివెట్లు తెగుతాయి.

ఇక తేమ. చెక్క పడవకు ఎండలో మూత లేకుండా ఒక వేసవి గడిస్తే, పలకలు కుంచించుకుపోయి అంచుల దగ్గర పగుళ్లు తేలతాయి. ఆ పగుళ్లు చూసి గాబరాగా పుట్టీ కూరడం మనం చూసే అతి పెద్ద తప్పు. నీళ్లలోకి దిగాక పలక ఉబ్బుతుంది. ఉబ్బడానికి చోటు లేకపోతే రివెట్లనైనా తెంపుతుంది, రిబ్బునైనా విరుస్తుంది. షెడ్డు నేల మట్టిదైతే మంచిది, సిమెంటుదైతే దాని మీద నీళ్లు చల్లుతూ ఉండండి. పడవ అడుగున లోపల తడి గోనె సంచులు పరవండి. హీటర్ పెట్టొద్దు. బయట ఉంచాల్సి వస్తే టార్పాలిన్ రెండు కొనలూ తెరిచి కట్టండి. గాలి ఆడని ప్లాస్టిక్ మూత కింద పుచ్చు ఒక్క శీతాకాలంలో పాకుతుంది.

రంగు తీయడం

గీకేది అవసరమైన చోటే. ఎక్కడ చెక్క మార్చాలో తేలిన తర్వాతే మిగతా ఒళ్లంతా. 1970లకు ముందటి రంగుల్లో సీసం ఉంటుందనే అనుకుని మొదలుపెట్టండి. పొడి ఇసుక కాగితంతో రుద్దకండి, బ్లో ల్యాంప్ మంట పెట్టకండి. రసాయన స్ట్రిప్పర్ గానీ, తక్కువ వేడి మీద ఉంచిన హీట్ గన్ గానీ వాడి గీకుడు బ్లేడుతో తీయండి. నీటి గీత కింద పాత యాంటీఫౌలింగ్‌ను, అంటే నాచు, గుల్లలు పట్టకుండా వేసే విషపు రంగును, తడిపి గీకాలి, ఆ పొట్టు భూమిలో కలవకుండా కింద పట్టా పరవాలి. సన్నని ధూళిని ఆపే ఎఫ్ఎఫ్‌పీ3 మాస్క్ తప్పనిసరి. పలక అంచుల దగ్గర సాండింగ్ మెషీన్ వాడితే ఆ పదునైన గీతలు గుండ్రబడిపోతాయి, క్లింకర్ పడవకు అందమంతా ఆ గీతల్లోనే ఉంది.

కీల్ బోల్టులు

ఇనుప కీల్‌ను చెక్కకు పట్టే బోల్టులు పైకి చూస్తే కొత్తవాటిలా ఉండొచ్చు. తుప్పు తినేది ఇనుప కీల్, చెక్క కీల్ కలిసే సందులో. అక్కడ బోల్టు నడుం సన్నబడుతుంది. కనీసం రెండు బోల్టులను, ఒకటి మధ్యది, ఒకటి చివరిది, బయటికి తీసి చూడాలి. వ్యాసంలో పావు వంతుకు మించి పోయి ఉంటే అన్నింటినీ మార్చండి.

నట్ చుట్టూ తుప్పు వదిలించే నూనె పోసి రెండు రోజులు వదిలేయండి. నట్‌ను బోల్టు కొనకు సమంగా వచ్చేదాకా విప్పి, దాని మీద ఇనుప కడ్డీ ఆనించి పెద్ద సుత్తితో కిందికి కొట్టండి. కీల్ కింద బోల్టు దిగడానికి చోటు ఉండాలి కదా, ఆ దిమ్మెను ముందే పక్కకు జరపండి. ఒక్కొక్కటిగా తీసి, కొత్తది వేశాకే రెండోదాని మీద చెయ్యి వేయండి.

ఇనుప కీల్‌కు గాల్వనైజ్ చేసిన మైల్డ్ స్టీల్ బోల్టులే వాడండి. స్టెయిన్‌లెస్ స్టీల్ మెరుస్తుంది కాబట్టి మంచిదనుకుంటారు. తడి చెక్కలో ఆక్సిజన్ అందక స్టెయిన్‌లెస్ లోలోపలే గుంటలు పడి తెగుతుంది, పైకి జాడ ఉండదు. కాంస్యపు బోల్టును ఇనుప కీల్‌తో కలిపితే ఇనుము కరిగిపోతుంది. కాంస్యం సీసపు కీల్ ఉన్న పడవలకు. వాషర్ కింద బెడ్డింగ్ కాంపౌండ్‌లో, అంటే సందు మూసే మెత్తటి ముద్దలో, ముంచిన నూలు తాడును రెండు చుట్లు చుట్టి బిగించండి, బోల్టు వెంట నీళ్లు ఎక్కకుండా ఆపేది అదే.

రిబ్బులు

క్లింకర్ పడవలో రిబ్బులు ఎక్కువగా విరిగేది అడుగు నుంచి పక్కకు తిరిగే వంపు దగ్గర. పైన రంగు పూత ఉంటే పగులు కనిపించదు. గోరుతో అడ్డంగా గీస్తే వేలికి తగులుతుంది.

విరిగినవన్నీ ఒకేసారి తీయకండి. ఒకటి విడిచి ఒకటి, వీలైతే రెండు విడిచి ఒకటి తీసి, కొత్తది వేసి, ఆ తర్వాత మిగతావాటికి రండి. ఆకారాన్ని పట్టి ఉంచేది పలకలూ రిబ్బులూ కలిసే. ఒకవైపు విప్పుతున్నప్పుడు మరోవైపు గట్టిగా ఉండాలి. డెక్ దూలాలు కూడా విప్పాల్సి వస్తే, ముందు పడవ రెండు అంచుల మధ్య అడ్డుకొయ్యలు మూడింటిని బిగించండి.

కలప విషయంలో రాజీ పడకూడదు. ఓక్ లేదా యాష్, చేవ ఉన్న భాగం, ముడులు లేనిది, పోగు తిన్నగా ఉన్నది. బట్టీలో (కిల్న్) వేడితో ఆరబెట్టిన కలప ఆవిరికి లొంగదు, వంచగానే పెటుక్కుమంటుంది. పచ్చిది గానీ, గాలికి ఆరినది గానీ తీసుకోండి. కోసిన ముక్క చివర చూస్తే వయసు గీతలు పలకకు సమాంతరంగా ఉండేలా పెట్టాలి. లోపలి వైపు అంచులను చిత్రికతో కాస్త గుండ్రంగా తీయండి, పగులు మొదలయ్యేది పదును అంచు దగ్గరే. కొలత కంటే ఓ అడుగు పొడవెక్కువ ఉంచి, పని అయ్యాక కోసేయండి.

ఆవిరి పెట్టెకు గోడ కాగితం ఊడదీసే చిన్న స్టీమర్ చాలు. ప్లైవుడ్ పెట్టె గానీ, మందపాటి పాలిథిన్ గొట్టం గానీ సరిపోతుంది. లోపల ఉష్ణోగ్రత 98 నుంచి 100 డిగ్రీలకు చేరాకే సమయం లెక్కపెట్టండి. 25 మిల్లీమీటర్ల మందానికి గంట. 20 మిల్లీమీటర్ల రిబ్బుకు 50 నిమిషాలు. ఎక్కువసేపు ఉంచితే ఇంకా మెత్తబడుతుందనుకోకండి. గంటన్నర దాటితే పోగులు ఊడి పెళుసుబారుతుంది.

పెట్టె తెరిచాక మీ చేతిలో అర నిమిషం ఉంటుంది. అందుకే ముందుగా చల్లటి సన్నని బద్దతో నాటకం ఆడి చూసుకోవాలి: ఎవరు ఎక్కడ నిలబడాలి, ఏ క్లాంపు ఎక్కడ, గ్లవుజులు ఎవరికి. రిబ్బు కాలును కీల్ దగ్గర కుదుర్చి, వంపు దగ్గర బూటు కాలితో తొక్కుతూ, పై భాగాన్ని లాగి అంచుకు క్లాంపు బిగించండి. ముందు, వెనక కొనల వైపు పలకలు మెలి తిరుగుతాయి. అక్కడ స్పానర్‌తో రిబ్బును మెలిపెట్టాలి. వేడిగా ఉండగానే బయటి నుంచి పాత రంధ్రాల గుండా బర్మాతో రంధ్రం వేసి రాగి మేకులు దిగగొట్టండి. రివెట్ చేసే పని మర్నాడు. నాలుగింట్లో ఒకటి విరుగుతుందని లెక్కేసుకుని అదనపు ముక్కలు కోసి పెట్టుకోండి.

పాత రిబ్బును తీయడానికి చోటు లేకపోతే దాని పక్కనే కొత్తది వేయొచ్చు. అలా వేసిన పక్క రిబ్బులన్నీ ఒకే పలక మీద ఆగిపోకూడదు. అన్నీ ఒకే గీతలో ఆగితే పడవ ఆ గీత దగ్గరే వంగుతుంది. ఒకటి పైదాకా, ఒకటి రెండు పలకల కిందికి, అలా ఎచ్చుతగ్గులుగా ఆపండి.

క్లింకర్‌లో రిబ్బుకూ పలకకూ మధ్య చిన్న త్రికోణపు ఖాళీలు మిగులుతాయి. వాటిని ఎపాక్సీ జిగురుతో నింపేవాళ్లున్నారు. ఆ ఖాళీల గుండానే నీళ్లు కిందికి జారాలి. నింపితే ప్రతి పలక అంచూ ఒక చిన్న చెరువవుతుంది.

రివెట్ కొట్టే తీరు

ఇద్దరు కావాలి. కావాల్సిన సరంజామా: చదరపు రాగి మేకులు, వాటికి తగిన రోవ్‌లు అంటే మధ్యలో రంధ్రం ఉన్న చిన్న రాగి బిళ్లలు, మధ్యలో బోలుగా ఉండే పంచ్, కట్టింగ్ ప్లేయర్, 100 నుంచి 150 గ్రాముల గుండు సుత్తి, బయటి మనిషి చేతిలో రెండు మూడు కిలోల ఉక్కు దిమ్మ.

3.3 మిల్లీమీటర్ల చదరపు మేకుకు 3.2 బిట్‌తో మొదలుపెట్టి ముందు చిత్తు చెక్క మీద చూడండి. సుత్తితో చిన్నగా కొడితే దిగాలి. చేత్తో తోస్తేనే దిగిపోతే నీళ్లు కారుతుంది, గట్టిగా కొడితే గానీ దిగకపోతే పలక చీలుతుంది. పాత రంధ్రం పెద్దదైపోయిన చోట ఒక సైజు పెద్ద మేకు వాడండి.

మేకును బయటి నుంచి కొట్టి తల పలకకు సమంగా వచ్చాక, బయటి మనిషి దిమ్మను తల మీద ఒత్తి పట్టుకుంటాడు. లోపలి మనిషి రోవ్‌ను గుబ్బ వైపు తనకు కనిపించేలా మేకులోకి దోపి, పంచ్‌తో చెక్క మీదికి దించుతాడు. చెక్కను కొద్దిగా పట్టాలి, నలపకూడదు. మేకును రోవ్ మీద 1.5 నుంచి 2 మిల్లీమీటర్లు మిగిలేలా కత్తిరించాలి. ఇప్పుడు గుండు సుత్తితో అంచుల చుట్టూ చిన్న చిన్న దెబ్బలు, పదిహేనో ఇరవయ్యో, మేకు కొన గుండ్రంగా పరుచుకునేదాకా. రెండే పెద్ద దెబ్బలతో పని ముగించాలని చూస్తే మేకు చెక్క లోపల వంగుతుంది. బయటికి చక్కగా కనిపిస్తుంది. పడవ నీళ్లలో ఊగాక ఆ వంపు నిలువై రివెట్ వదులవుతుంది. మేకు ఎక్కువ పొడుగు వదిలినా అంతే. దిమ్మ పట్టినవాడు ఏమారితే తల బయటికి తన్నుకొస్తుంది. ఆ మేకును తీసేసి మళ్లీ వేయాల్సిందే.

వదులైన పాత రివెట్లను మళ్లీ కొట్టి బిగించాలని చాలామందికి చెయ్యి దురద. ఏళ్ల తరబడి ఊగిసలాడిన రాగి గట్టిపడి ఉంటుంది, దెబ్బకు వంగుతుంది తప్ప బిగియదు. ఒకటో రెండో అయితే ప్రయత్నించొచ్చు, వరుసగా పది వదులుగా ఉంటే కొత్తవి వేయండి. తీసేటప్పుడు రోవ్ మీది గుండును బిట్‌తో తొలిచి, రోవ్ ఊడాక మేకును బయటికి తన్నండి. బయట తల చుట్టూ ఇనుప గొట్టం ముక్కను ఆనించి పట్టుకుంటే పలక చీలిపోదు. కొత్త మేకులు గట్టిగా అనిపిస్తే ముదురు ఎరుపు వచ్చేదాకా కాల్చి నీళ్లలో ముంచండి, మెత్తబడతాయి.

పలక మార్చడం

ప్రతి పలక పై అంచు, దాని పై పలక అంచు వెనక దాగి ఉంటుంది. కింది అంచు, కింది పలక మీదికి బయటి నుంచి వస్తుంది. కాబట్టి రివెట్లన్నీ తీశాక పలకను కిందికి జారవిడిచి తీయాలి. ఉలి పెట్టి బయటికి తెరిస్తే పై పలక అంచు చిట్లుతుంది. పాత రంగు అంటుకుని ఉంటే సన్నని ప్లాస్టిక్ బద్దలు దోపుతూ వదిలించండి. ముక్కలైనా సరే పాత పలకను పారేయకండి.

అయినా పాత పలకను పరిచి గీసుకుంటే కొత్తది సరిపోదు. అది ఇన్నాళ్లలో ఆరి, సాగి, వంకర పోయి ఉంటుంది. పడవ మీద ఉన్న ఖాళీ ఆకారాన్నే తీసుకోవాలి. 3 లేదా 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్ బద్దను, ఖాళీ కంటే కాస్త సన్నగా కోసి, రిబ్బుల మీద చిన్న మేకులతో నిలపండి. దాన్ని పైకో కిందికో బలవంతంగా వంచకూడదు, తనంతట తాను పడిన దారిలోనే పడాలి. కాంపాస్‌ను ఒకే కొలతకు బిగించి, ప్రతి రిబ్బు దగ్గర పలక అంచు రావాల్సిన బిందువు మీద మొన పెట్టి బద్ద మీద చాపం గీయండి. ఒక్కో బిందువుకు రెండు చాపాలు, కాస్త ఎడంగా. తర్వాత బద్దను కొత్త కలప మీద పరిచి, అదే కొలతతో ఆ చాపాల మీద మొన పెట్టి వెనక్కి గీస్తే, రెండు గీతలు కలిసే చోటే అసలు బిందువు. ఆ బిందువులన్నింటినీ సన్నని వంగే బద్దతో కలిపితే పలక అంచు వస్తుంది. మధ్యలో కాంపాస్ కొలత మారిందేమో చూసుకోవడానికి, మొదలుపెట్టే ముందు బద్ద మీదే ఒక మూల ఆ కొలతతో వృత్తం గీసి పెట్టండి.

పలకలు పాతవి ఏ జాతివో కొత్తదీ అదే జాతి కలప కావాలి. లార్చ్ మధ్యలో మహాగని పెడితే రెండూ ఒకేలా ఉబ్బవు. తేమ 15 నుంచి 18 శాతం మధ్య ఉండాలి. ఇంటి ఫర్నిచర్ కోసం ఆరబెట్టిన 8, 10 శాతం కలప నీళ్లలో పడగానే విపరీతంగా ఉబ్బి పక్క పలకలను తోసేస్తుంది.

పూర్తి పొడవు కలప దొరకకపోతే వాలు అతుకు వేయండి. వాలు మందానికి 8 రెట్లు: 15 మిల్లీమీటర్ల పలకకు 120 మిల్లీమీటర్లు. బయటికి కనిపించే అతుకు అంచు పడవ వెనక వైపుకు చూడాలి, లేకపోతే నీళ్ల ఒరిపిడికి లేస్తుంది. పక్కపక్క పలకల్లో అతుకులు కనీసం మూడు రిబ్బుల దూరంలో ఉండాలి. అతుకుకు ఎపాక్సీ వాడొచ్చు: ముందు పలచటిది పూసి చెక్క పీల్చాక, చిక్కగా కలిపినది రాసి, మెత్తగా బిగించాలి. గట్టిగా బిగిస్తే జిగురంతా బయటికి పోయి అతుకుకు జిగురు చాలదు.

పలకల అంచుల మధ్య మాత్రం ఎపాక్సీ గానీ, పాలీయురెథేన్ సీలెంట్ గానీ పెట్టకూడదు. చెక్క మీద చెక్క కూర్చుని, నీళ్లలో ఉబ్బి, దానికదే మూసుకోవాలి. మరీ భయమైతే పలచగా వార్నిష్ రాయండి. కార్వెల్ పడవలైతే వేరు. వాటిలో పలకలు అంచుకు అంచు ఆని ఉంటాయి కాబట్టి సందుల్లో నూలు కూరి పైన మెత్తటి పుట్టీ పెట్టాలి, ఎండిపోయి గట్టిపడే పుట్టీ కాదు.

పుచ్చు పట్టిన చోట

కోసేయాలి. కనిపించే పుచ్చు చివరి నుంచి పోగు వెంబడి ఇంకో 150 నుంచి 200 మిల్లీమీటర్లు మంచి చెక్కలోకి వెళ్లి కోయాలి, ఎందుకంటే బూజు దారాలు కంటికి కనిపించకుండా ముందే పాకి ఉంటాయి. మిగిలిన చెక్క ఆరాక బోరేట్ ద్రావణం రెండు మూడు సార్లు పూయండి. అది నీళ్లకు కొట్టుకుపోతుంది కాబట్టి పైన రంగు పడాలి.

పుచ్చిన చెక్కలోకి పలచటి ఎపాక్సీ ఎక్కించి గట్టి చేసే మందులు అమ్ముతారు. పైపొర రాయిలా అవుతుంది, లోపల తడి అలాగే బంధించి ఉంటుంది. బలం మోసే ఏ చెక్కకూ అది వైద్యం కాదు. కిటికీ చట్రానికి సరే.

పడవ ఒళ్లంతా ఫైబర్‌గ్లాస్ కప్పేద్దామన్న ఆలోచన కూడా ఇదే కోవకు చెందింది. క్లింకర్ పలకలు ఎండకూ తేమకూ కదులుతూనే ఉంటాయి. పైపొర పగిలి, వాన నీళ్లు లోపల చేరి, రెండేళ్లలో మంచి చెక్కను కూడా తినేస్తాయి.

డెక్, బిగింపులు

డెక్ కారితే కింద చేసిన పనంతా వృథా. పాత కాన్వాస్ తీసేసి, కింది చెక్క ఎండాక కొత్త కాన్వాస్ పరచొచ్చు. చెక్క బాగా పోయి ఉంటే మెరైన్ ప్లైవుడ్ వేసి దాని మీద గ్లాస్, ఎపాక్సీ పొర వేయొచ్చు. డెక్ ప్లైవుడ్‌దైతే కదలిక తక్కువ కాబట్టి అక్కడ ఆ పొర నిలుస్తుంది. ప్లైవుడ్ అంచులకు, స్క్రూ రంధ్రాలకు ముందే ఎపాక్సీ తాగించండి.

డెక్ మీద బిగించే ప్రతి లోహం కింద నూనె ఆధారిత బెడ్డింగ్ కాంపౌండ్ గానీ పాలీసల్ఫైడ్ సీలెంట్ గానీ పెట్టాలి. సిలికోన్ వద్దు, దాని మీద తర్వాత ఏ రంగూ అంటదు. జిగురులా పట్టే పాలీయురెథేన్ కూడా వద్దు. మళ్లీ విప్పాల్సి వచ్చినప్పుడు చెక్క దానితో పాటే ఊడొస్తుంది. స్క్రూలకు సిలికాన్ కాంస్యం. స్క్రూ తలల మీద పెట్టే చెక్క బిరడాలను వార్నిష్‌తోనే అంటించండి. ఎపాక్సీతో అంటిస్తే తర్వాతి మనిషి వాటిని తీయలేడు.

రంగు, వార్నిష్

పచ్చి చెక్క మీద మొదటి ప్రైమర్ పొర 20 నుంచి 30 శాతం పలచన చేసి వేయండి, చెక్క పీల్చుకోవాలి. వార్నిష్ అయితే మొదటిది సగానికి సగం, రెండోది పావు, మూడోది పదో వంతు పలచన, ఆ తర్వాతవి యథాతథంగా. మొత్తం ఆరు నుంచి ఎనిమిది పొరలు, మధ్యలో 240 నుంచి 320 నంబరు ఇసుక కాగితంతో రుద్దుతూ. చలి దేశాల్లో 10 డిగ్రీల కన్నా తక్కువలో వార్నిష్ వేయకండి. మధ్యాహ్నం మూడు దాటాక కూడా వేయకండి. ఆరేలోపు మంచు పడితే మెరుపు చచ్చి పాలపొరలా తెల్లబడుతుంది.

లిన్‌సీడ్ నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూల పడేయొద్దు. అవి తమంతట తామే వేడెక్కి అంటుకుంటాయి. పరిచి ఆరేయండి, లేదా నీళ్లున్న మూత డబ్బాలో వేయండి.

నీళ్లలోకి

దించడానికి వారం ముందు నుంచి లోపల తడి గోనె సంచులు పరిచి రోజూ రెండు పూటలా పైపుతో తడపండి. పడవ లోపల నీళ్లు నింపడం మాత్రం వద్దు. ఘనపు మీటరు నీళ్లు టన్ను బరువు, నేల మీద ఉన్న పడవ ఆ బరువును లోపలి నుంచి మోయడానికి కట్టింది కాదు.

క్రేన్ పట్టీల్లో వేలాడుతూనే ఒక రాత్రి నీళ్లలో ఉంచేలా బోట్‌యార్డ్‌తో ముందే మాట్లాడుకోండి. మొదటి గంటల్లో చాలా చోట్ల కారుతుంది, అది మామూలే. ఒడ్డు కరెంటుతో నడిచే పంపు ఒకటి, దానికి తోడు ఇంకొకటి ఉండాలి. బ్యాటరీ పంపును ఒక్కదాన్నే నమ్ముకుంటే తెల్లారేసరికి బ్యాటరీ అయిపోతుంది. మొదటి రాత్రి గంటకోసారి మనిషి వెళ్లి చూడాల్సిందే. ఒకటి రెండు రోజుల్లో ధార తగ్గి చుక్కలవుతుంది. వారం తర్వాత కూడా ఒకచోటే కారుతుంటే ముందు కీల్‌ను ఆనుకున్న అట్టడుగు పలక, స్టెమ్ దగ్గర పలకల కొనలు, కీల్ బోల్టుల వాషర్లు, ఈ వరసలో చూడండి.

పలకలు పూర్తిగా ఉబ్బేదాకా, అంటే రెండు వారాల దాకా, స్తంభపు తాళ్లను గట్టిగా బిగించకండి. అప్పుడే కీల్ బోల్టుల నట్లకు కూడా మరోసారి స్పానర్ పెట్టి చూడండి. నానిన చెక్క మీద అవి పావు చుట్టు దాకా తిరగొచ్చు, అంతకు మించి తిరుగుతుంటే బిగించడం ఆపి కింద చెక్క నలుగుతోందేమో చూడాలి.